జావా కలెక్షన్స్ రివ్యూ: కౌంటరు గట్టిదే, చీటీ సరిగ్గా రాయడమే మన పని

అలిపిరి దగ్గర నడకదారి పట్టేవాళ్లు సంచులు కౌంటర్లో అప్పజెప్పి, చీటీ జేబులో వేసుకుని, ఉత్త చేతులతో మెట్లెక్కుతారు. కొండమీద చీటీ చూపిస్తే సంచి చేతికొస్తుంది. చీటీ పోయిందనుకోండి, సంచి మాయమైపోదు. ఏదో ఒక అరలో ఉండనే ఉంటుంది, అడిగితే మాత్రం దొరకదు. జావా ప్రోగ్రాముల్లో బోలెడు వస్తువులను కలిపి పెట్టుకునే రెడీమేడ్ డబ్బాలే కలెక్షన్స్. వాటితో వచ్చే పేచీలు చాలావరకు ఈ తరహావే. వస్తువు మెమరీలో ఉంటుంది, ప్రింట్ చేస్తే కనిపిస్తుంది, వెతికితే "లేదు" అంటుంది. అందరూ కౌంటర్ని తిడతారు గానీ, తొంగిచూడాల్సింది చీటీ వైపు.

ఇక్కడ తూకం వేస్తున్నది జావా రాసే సరంజామా అయిన జేడీకేతో పాటే ఉచితంగా వచ్చే జావా డాట్ యుటిల్ ప్యాకేజీని. వేరే డౌన్‌లోడ్ లేదు, పైన ఇంపోర్ట్ చేసుకుంటే చాలు. ఈ రూపంలో ఇది 1998 డిసెంబరులో జావా 1.2తో వచ్చింది, రూపకల్పనకు ముందున్నది జాషువా బ్లాక్. 2004లో జావా 5 జెనెరిక్స్ తెచ్చాక "ఈ లిస్టులో సంచులు తప్ప ఇంకేమీ పట్టవు" అని కంపైలర్‌తోనే కట్టడి చేయించే వీలొచ్చింది. అంతకుముందు గోతాంలో ఏది పడితే అది పడేసి, తీసేటప్పుడు క్యాస్ట్ చేసుకుని, అంటే ఇది ఫలానా రకమని మనమే చెప్పుకుని, దండం పెట్టుకోవడమే.

కొలతకు రెండు చిన్న ప్రోగ్రాములు పెట్టుకుందాం. ఒకటి, తిరుపతిలో బస్టాండు దగ్గర లాడ్జి కింద నడిచే సామాన్ల కౌంటరు. రెండోది, చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి లోడుతో నిలబడ్డ ట్రాక్టర్ల వరుస. కాలేజీ ప్రాజెక్టుకైనా, నిజంగా కౌంటర్లో వాడటానికైనా ఈ రెండింట్లో కలెక్షన్స్ బండారం దాదాపు అంతా బయటపడుతుంది. జావా 21 ఉంటే మంచిది. కింద చెప్పినవన్నీ లైను కొట్టగానే జవాబిచ్చే జేషెల్ తెరిచి నాలుగు లైన్లు కొట్టి చూసుకోవచ్చు, ప్రాజెక్టు ఫోల్డరు కూడా అక్కర్లేదు.

మొదట అర్రేలిస్ట్. మామూలు అర్రేకు, అంటే వరుస గళ్ల పెట్టెకు, సైజు ముందే చెప్పాలి. 50 సంచులకు చోటు చేస్తే 51వ సంచికి ఎర్రర్, 5,000కు చేస్తే ఖాళీ గళ్లన్నీ నల్, అంటే ఏమీ లేదని. నిజంగా ఎన్ని ఉన్నాయో విడిగా ఒక కౌంట్ వేరియబుల్‌లో మోయాలి. అర్రేలిస్ట్ ఈ రెండు బాధలూ తీరుస్తుంది. లోపల ఉన్నదీ అర్రేనే. మొదటి వస్తువు వేసినప్పుడు 10 గళ్లు చేస్తుంది, నిండగానే ఒకటిన్నర రెట్ల కొత్త అర్రే చేసి అన్నింటినీ అందులోకి మారుస్తుంది. 10 తర్వాత 15, 22, 33, 49, 73, అలా. మూడువేల సంచులు వస్తాయని ముందే తెలిస్తే తయారు చేసేటప్పుడే 3,000 అని ఇచ్చేయండి, ఈ తరలింపులు తప్పుతాయి. క్లియర్ చేసినా లోపలి అర్రే మాత్రం పెద్దగానే ఉండిపోతుంది. రోజువారీ పనికి పదికి తొమ్మిది మార్కులు. ఒక మార్కు ఎందుకు పోయిందో ఇప్పుడు చూద్దాం.

లిస్టు సంచిని తనలో పెట్టుకోదు, సంచి ఎక్కడుందో చెప్పే రెఫరెన్స్‌ను పెట్టుకుంటుంది. ల్యాబులో కుర్రాళ్లు తరచూ చేసే పని ఒకటుంది. లూప్ బయట ఒకే ఒక్కసారి న్యూ అని సంచి ఆబ్జెక్టు చేస్తారు. లూప్ లోపల ఫైలు నుంచి ఒక్కో లైను చదివి, ఆ సంచికే పేరు మార్చి, బరువు మార్చి, లిస్టులో యాడ్ చేస్తారు. సైజు అడిగితే 50 అంటుంది, సంబరమే. ప్రింట్ చేస్తే 50 లైన్లలోనూ ఆఖరున వచ్చిన మనిషి పేరే, ఆయన 14 కిలోలే. యాభై చీటీలు ఒకే సంచిని చూపిస్తున్నాయి మరి. న్యూ అన్న మాటను లూప్ లోపలికి జరిపితే సరిపోతుంది. ఇందులో లిస్టును తప్పు పట్టలేం. కానీ కొత్తవాళ్లకు ఎక్కడా హెచ్చరిక కనబడదు.

ఇక తీసేయడం. సరుకులో పదును ఎక్కువ, పిడి తక్కువ ఉన్న చోటు ఇదే. సాయంత్రం అయ్యేసరికి అప్పగించేసిన సంచులను లిస్టు నుంచి తీసేయాలి. ఫర్-ఈచ్ లూపులో తిరుగుతూ, అప్పగించినది కనబడగానే రిమూవ్ అంటే చాలాసార్లు కంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది. పేరు చూసి థ్రెడ్ల (ఒకేసారి నడిచే పనుల) గొడవ అనుకుంటారు, ఒకే థ్రెడ్డులోనూ వస్తుంది. లిస్టు తనలో జరిగిన మార్పులను ఒక అంకెగా లెక్కపెట్టుకుంటుంది. లూపు మొదలైనప్పటి అంకె, ఇప్పటి అంకె వేరైతే, లూపును నడిపే ఇటరేటర్ తర్వాతి వస్తువు ఇవ్వకుండా ఆగిపోతుంది. ఇలా ఆగిపోవడం మంచిదే. ఆగకుండా పోయే సందర్భమే ప్రమాదం. ఐదు సంచులున్న లిస్టులో నాలుగోదాన్ని లూపు మధ్యలో తీసేయండి. అప్పటికి ఇటరేటర్ 4 దగ్గర ఉంటుంది, సైజు కూడా 4కు దిగుతుంది. "ఇంకా ఉందా" అన్న పరీక్ష ఈ రెండూ సమానమా అనే చూస్తుంది, సమానమే కాబట్టి లూపు అయిపోయిందనుకుంటుంది. ఎక్సెప్షన్ రాదు, ఐదో సంచిని చూడను కూడా చూడదు. ఆఖరిదాన్ని తీస్తే మాత్రం ఎక్సెప్షన్ వస్తుంది. ఆఖరి నుంచి రెండోది తీస్తేనే ఈ నిశ్శబ్దం. డెమోలో బాగా నడిచి, కౌంటర్లో ఒక సంచి లెక్క తేలకపోతే మొదట వెతకాల్సిన చోటు ఇది.

ఇండెక్స్ లూపు పెట్టి తప్పించుకుందామంటే అక్కడ ఇంకో తిరకాసు. 7వ గడిలోది తీయగానే 8వది 7లోకి జరుగుతుంది, మన 'ఐ' మాత్రం 8కి వెళ్లిపోతుంది. పక్కపక్కనే ఉన్న రెండు సంచులు అప్పగించేసినవైతే రెండోది మిగిలిపోతుంది. వెనక నుంచి ముందుకు తిరిగితే ఇది రాదు. జావా 8 నుంచి అయితే రిమూవ్‌ఇఫ్ ఉంది, ఒక్క లైనులో షరతు చెబితే శుభ్రంగా పని చేస్తుంది. పాత కోడును మార్చే తీరిక లేకపోతే ఇటరేటర్‌ను చేత పట్టుకుని దాని రిమూవ్‌నే పిలవండి.

రిమూవ్‌కే ఇంకో ముఖం ఉంది. చీటీల మీది టోకెన్ నంబర్లను ఇంటీజర్ (పూర్ణాంకాల) లిస్టులో పెట్టి రిమూవ్(12) అంటే 12వ నంబరు టోకెన్ పోదు, 12వ ఇండెక్సులో ఉన్నది, అంటే పదమూడో వస్తువు పోతుంది. నంబరు 1047 అయి లిస్టులో 300 మాత్రమే ఉంటే ఎర్రర్ వస్తుంది, అదృష్టం. చిన్న నంబరైతే ఎవరిదో టోకెన్ చడీచప్పుడు లేకుండా పోతుంది. ఇంటీజర్ డాట్ వాల్యూఆఫ్(12) అని ఆబ్జెక్టుగా ఇస్తే సరైనది పోతుంది. ఒకే పేరుతో రెండు పనులు పెట్టిన ఈ డిజైనును ఎంత ఓపికతో చూసినా మెచ్చుకోలేం.

ఒక సంచి వెతకడానికి మొత్తం లిస్టు తిరగేయడం దండగ. టోకెన్ నంబరు ఇస్తే సంచి రావాలి, అంటే హ్యాష్‌మ్యాప్. ఈ ప్యాకేజీలో అన్నింటికన్నా ఎక్కువ పని చేసేది, అన్నింటికన్నా ఎక్కువ అపార్థమయ్యేదీ ఇదే. లోపల 16 అరలతో మొదలవుతుంది. కీ, అంటే వెతకడానికి వాడే విలువ, ఇవ్వగానే దాని నుంచి లెక్కగట్టే హ్యాష్‌కోడ్ అడిగి, ఆ అంకెను బట్టి అర ఎంచుకుంటుంది. ఒకే అరలో రెండుమూడు పడితే వాటిలో ఏదో, రెండూ ఒకటేనా అని చెప్పే ఈక్వల్స్‌తో తేల్చుకుంటుంది. అరలు ముప్పాతిక వంతుకు మించి నిండితే, అంటే 13వది రాగానే, 32 అరలు చేసి అన్నీ సర్దుతుంది. అందుకే వెయ్యి సంచులకని హ్యాష్‌మ్యాప్(1000) అని రాస్తే సరిపోదు. అది 1024 అరలు చేసి 769వ సంచికి మళ్లీ సర్దుడు పెట్టుకుంటుంది. జావా 19 నుంచి న్యూహ్యాష్‌మ్యాప్(1000) అనే పద్ధతి ఉంది, అది ఈ లెక్క తానే వేసుకుంటుంది.

ఇప్పుడు చీటీ సంగతి. కౌంటర్లో ఒకే మనిషి రెండుసార్లు నమోదు కాకూడదని కస్టమర్ ఆబ్జెక్టులను, ఇవే అరలతో నడుస్తూ ఒకటే వస్తువును రెండుసార్లు పట్టని హ్యాష్‌సెట్‌లో వేశారనుకుందాం. క్లాసులో ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రాయలేదు. అప్పుడు ఒకే పేరు, ఒకే ఫోను ఉన్న రెండు ఆబ్జెక్టులు సెట్టు దృష్టిలో ఇద్దరు మనుషులు. ఈక్వల్స్ రాసి హ్యాష్‌కోడ్ మరిచినా అదే గతి. వేరే అరలో వెతుకుతుంది గనుక ఈక్వల్స్ దాకా రానే రాదు. ఈక్వల్స్‌కు ఆబ్జెక్ట్ బదులు కస్టమర్ అని పారామీటరు ఇస్తే అది పాత మెథడ్ స్థానంలోకి రాదు, దాని పక్కన ఇంకోటిగా నిలబడుతుంది. పైన ఓవర్‌రైడ్ అనే గుర్తు పెడితే కంపైలరే పట్టుకుంటుంది, బద్ధకించకండి.

రెండూ సరిగ్గా రాసినా ఒక గుంట మిగిలే ఉంది. హ్యాష్‌కోడ్‌లో ఫోను నంబరు ఉంది. కస్టమర్ సెట్టులోకి వెళ్లాక, "నంబరు తప్పు పడిందయ్యా, మార్చు" అన్నాడు. సెట్‌ఫోన్ పిలిచి మార్చాం. ఇప్పుడు ఇదే ఆబ్జెక్టును చేతిలో పట్టుకుని కంటెయిన్స్ అంటే ఫాల్స్. రిమూవ్ అంటే ఫాల్స్. లూపు తిప్పి ప్రింట్ చేస్తే మాత్రం కొత్త నంబరుతో కనిపిస్తాడు! పాత నంబరును బట్టి ఎంచిన అరలో కూర్చున్నాడు, మనం కొత్త నంబరు అరలో వెతుకుతున్నాం. మార్చాల్సి వస్తే ముందు సెట్టు నుంచి తీసి, మార్చి, తిరిగి వేయాలి. అంతకన్నా మేలు, కీగా వాడేది మారనిదిగా ఉంచడం. జావా 16 నుంచి స్థిరపడిన రికార్డ్ అనే క్లాసు రకం దీనికి సరిగ్గా సరిపోతుంది. ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రెండూ అదే రాసుకుంటుంది, ఫీల్డులు తర్వాత మార్చనివ్వదు. రికార్డు లోపల అర్రే పెడితే మాత్రం పోలిక అర్రేలో ఉన్నవాటిని బట్టి జరగదు, అది ఒకటే అర్రేనా అన్నదాన్ని బట్టి జరుగుతుంది.

మన చిత్తూరు జిల్లాలో ఊరి పేర్లను కీగా పెట్టేవాళ్లకు ఒక మాట. పలమనేరును ఇంగ్లీషు అక్షరాల్లో చివర 'యు' పెట్టి రాసేవాళ్లున్నారు, పెట్టకుండా రాసేవాళ్లున్నారు. ఈక్వల్స్‌కు అవి రెండు ఊళ్లు. హ్యాష్‌మ్యాప్ ఎంత గొప్పదైనా ఈ పంచాయితీ తీర్చదు. ఊరికి కోడ్ నంబరు ఇచ్చి దాన్నే కీ చేయండి.

గెట్ మీద గట్టి ఫిర్యాదు ఉంది. మ్యాపు కీ ఇంటీజర్ అని జెనెరిక్స్‌లో చెప్పినా, గెట్ ఏ ఆబ్జెక్టునైనా తీసుకుంటుంది. డేటాబేసు నుంచి టోకెన్ లాంగ్‌గా (ఇంకో అంకె రకంగా) వచ్చి, 1047 లాంగ్‌తో గెట్ అంటే కంపైలర్ నోరెత్తదు, జవాబు నల్. ఫారం నుంచి వచ్చిన స్ట్రింగ్ 1047తో అడిగినా అంతే. పుట్‌లో ఉన్న కాపలా గెట్‌లో లేదు. "సంచి లేదు" అని చెప్పే ముందు కీ రకం చూసుకోండి. అలాగే రెండు ఇంటీజర్ టోకెన్లను రెండు సమాన గుర్తులతో పోల్చకండి. మైనస్ 128 నుంచి 127 దాకా ఇంటీజర్ ఆబ్జెక్టులను జావా దాచిపెట్టి మళ్లీమళ్లీ అవే ఇస్తుంది కాబట్టి ఆ పోలిక నిజమవుతుంది, 128 నుంచి మామూలుగా అబద్ధమవుతుంది. వంద టోకెన్లతో టెస్ట్ చేసి కౌంటర్లో పెడతారు. బ్రహ్మోత్సవాల రద్దీ రోజు పొద్దున్నే 128వ మనిషి వచ్చేస్తాడు.

వరుస కావాలంటే హ్యాష్‌మ్యాప్ పనికిరాదు, అది ఏ క్రమానికీ పూచీ ఇవ్వదు. వేసిన క్రమం కావాలంటే లింక్డ్‌హ్యాష్‌మ్యాప్. కీ క్రమం కావాలంటే ట్రీమ్యాప్. బస్సుల టైంటేబులుకు ట్రీమ్యాప్ ముచ్చటగా కుదురుతుంది. టైము కీగా పెట్టి, 6:40 ఇచ్చి సీలింగ్‌ఎంట్రీ అంటే 6:40కి గానీ ఆ తర్వాత గానీ ఉన్న మొదటి బస్సు వస్తుంది. 6:40 బస్సు ఎలాగూ అందదు, తర్వాతిదే కావాలంటే హయ్యర్‌ఎంట్రీ. ఆఖరి బస్సు దాటాక అడిగితే నల్ వస్తుంది, అప్పుడు ఫస్ట్‌ఎంట్రీతో మర్నాటి తొలి బస్సు చూపాలి. 5 గంటలకు మదనపల్లె బస్సు, అదే 5 గంటలకు కాళహస్తి బస్సు ఉంటే రెండో పుట్ మొదటిదాన్ని చెరిపేస్తుంది. టైముకు ఒక బస్సు బదులు బస్సుల లిస్టు పెట్టి, లిస్టు లేకపోతేనే కొత్తది చేసే కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్‌తో వేయండి.

వస్తువులను క్రమంలో ఉంచే ట్రీసెట్‌కూ ఇదే జబ్బు. సంచులను బరువుతో మాత్రమే పోల్చే కంపారేటర్ ఇస్తే 12 కిలోల సంచి ఒక్కటే పడుతుంది. రెండో 12 కిలోలది యాడ్ అంటే ఫాల్స్ చెప్పి వదిలేస్తుంది. దానికి పోలిక సున్నా అంటే రెండూ ఒకటే. బరువు తర్వాత దెన్‌కంపేరింగ్ పెట్టి టోకెన్ నంబరు కలపాలి.

గుజ్జు ఫ్యాక్టరీ గేటుకు వద్దాం. ముందొచ్చిన ట్రాక్టరు ముందు కాటా ఎక్కాలి. దీనికి అర్రేడెక్ చక్కటి సరుకు. వెనక చేర్చడానికి ఆఫర్, ముందు నుంచి తీయడానికి పోల్, చూసి ఊరుకోవడానికి పీక్. వరుస ఖాళీ అయితే పోల్ నల్ ఇస్తుంది, రిమూవ్ ఎక్సెప్షన్ విసురుతుంది. ఏది కావాలో మొదటే తేల్చుకుని దాన్నే వాడండి, కలగాపులగం చేయకండి. అర్రేడెక్ నల్‌ను లోపలికి రానివ్వదు. చాలా ల్యాబు రికార్డుల్లో క్యూ అంటే లింక్డ్‌లిస్టే రాయిస్తారు. అందులో ఒక్కో వస్తువును గొలుసులో పట్టే నోడుకు, మామూలు 64 బిట్ జేవీఎంలో, 24 బైట్లు పోతాయి. అర్రేలో ఒక రెఫరెన్సుకు 4 బైట్లే. పైగా 500వ ట్రాక్టరు ఏదని అడిగితే దగ్గరి కొస నుంచి ఒక్కో నోడూ తొక్కుకుంటూ పోవాలి. నాలుగు మార్కులు, అవీ పాత పరిచయం కొద్దీ.

బాగా మాగిన లోడును ముందు పంపాలంటే ప్రయారిటీక్యూ. దీన్ని ప్రింట్ చేసి "సార్ట్ కాలేదు" అని బెంబేలెత్తకండి. లోపల హీప్ అనే సగం సర్దిన అమరిక ఉంటుంది, తల దగ్గర ఉన్నదే సరైనదని దాని హామీ. ఒక్కొక్కటి పోల్ చేస్తేనే క్రమం కనిపిస్తుంది. సమాన మాగుడు ఉన్న రెండు లోడుల్లో ముందొచ్చిందే ముందు పోతుందన్న హామీ కూడా లేదు. రైతు గేటు దగ్గర ఊరుకుంటాడా? వచ్చిన క్రమం నంబరు ఒకటి ఆబ్జెక్టులో పెట్టి కంపారేటర్‌కు కలపండి.

వెక్టర్, స్టాక్, హ్యాష్‌టేబుల్ 1.0 నాటి సరుకు. పరీక్షలో అడుగుతారు కాబట్టి చదవండి, కొత్త కోడులో పెట్టకండి.

లిస్టును బయటికి ఇవ్వడం చాలామంది పట్టించుకోని విషయం. గెట్‌బ్యాగ్స్ అనే మెథడు లోపలి లిస్టునే రిటర్న్ చేస్తే గల్లాపెట్టె తాళం ఊరందరికీ ఇచ్చినట్టే, రిపోర్టు రాసే కోడు క్లియర్ అన్నా మన లిస్టు ఖాళీ. అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ ఇస్తే బయటివాళ్లు మార్చలేరు, కానీ అది కిటికీ లాంటిది, మనం లోపల మారిస్తే వాళ్లకూ మారుతుంది. ఆ క్షణానికి ఉన్న నకలు కావాలంటే లిస్ట్ డాట్ కాపీఆఫ్, జావా 10 నుంచి ఉంది. నకలు చీటీలకే. సంచి ఆబ్జెక్టుకు సెట్టర్లు (విలువ మార్చే మెథడ్లు) ఉంటే లోపలి బరువు ఎవరైనా మార్చగలరు. అర్రేస్ డాట్ యాజ్‌లిస్ట్ ఇచ్చేది పెరగని లిస్టు, యాడ్ అంటే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్, సెట్ అంటే మాత్రం అసలు అర్రేలోనే మారుతుంది. లిస్ట్ డాట్ ఆఫ్ అసలేదీ మార్చనివ్వదు, అందులో నల్ ఉందా అని కంటెయిన్స్‌తో అడిగినా నల్ పాయింటర్ ఎక్సెప్షన్ కొడుతుంది. కాస్త చిరాకే, అయినా మారని వాటికి ఇదే మేలు.

కౌంటరు రెండు కిటికీలైతే, అంటే రెండు థ్రెడ్లైతే, హ్యాష్‌మ్యాప్‌ను కంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌గా మార్చాలి. మార్చినంత మాత్రాన పని అయిపోదు. "ఈ టోకెన్ ఉందా" అని కంటెయిన్స్‌కీతో అడిగి, లేదంటే పుట్ అంటే, ఆ రెండింటి మధ్య సందులో రెండో కిటికీ అదే టోకెన్ వేసేయొచ్చు. పుట్‌ఇఫ్‌ఆబ్సెంట్ ఒకే అడుగులో చేస్తుంది, వెనక్కి నల్ వస్తే టోకెన్ మనదే.

ఇన్ని చెప్పినా ఇదంతా మెమరీలో సంగతి. కరెంటు పోయి ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తే మ్యాపులో ఉన్న వెయ్యి సంచుల లెక్క సున్నా. ప్రతి సంచి నమోదైనప్పుడే ఫైలుకో, చిన్న డేటాబేసుకో రాసి, ప్రోగ్రాం లేవగానే అందులో నుంచి మ్యాపు నింపుకోవాలి. నింపేటప్పుడు స్ట్రీమ్‌తో కలెక్టర్స్ డాట్ టుమ్యాప్ వాడండి. ఒకే టోకెన్ రెండు లైన్లలో ఉంటే అది డూప్లికేట్ కీ అంటూ ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్‌తో ఆగిపోతుంది. మామూలు పుట్ అయితే ముందున్న సంచిని చెరిపేసి ముందుకు పోయేది. ఆ ఎక్సెప్షన్ నోరు మూయించడానికి మూడో ఆర్గ్యుమెంటుగా రెండింట్లో ఏది ఉంచాలో చెప్పే మెర్జ్ ఫంక్షన్ తగిలించే అలవాటు చాలామందికి ఉంది. అది తగిలించకుండా ఫైల్లో ఆ టోకెన్ ఉన్న రెండు లైన్లూ ముందేసుకుని ఏ సంచి ఎవరిదో చూడండి.